సర్వం జగన్నాథం

మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఓ మాట ఉంది. పిల్లవాడు కంచంలో పప్పూ, పులుసూ, పెరుగూ అన్నీ కలిపేసుకుని కూర్చున్నాడనుకోండి, "అదేమిట్రా, సర్వం జగన్నాథం చేసేశావూ!" అంటుంది తల్లి. పెళ్ళివారింట్లో చెంబులు కలిసిపోయినా అదే మాట, ఆఫీసులో కాగితాలు కలిసిపోయినా అదే మాట. కాస్త వెక్కిరింతా, కాస్త విసుగూ ఉంటాయి అందులో.

ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతున్నాను. జాతీయాల పాఠం వచ్చినప్పుడల్లా ఈ మాట బోర్డుమీద రాసి, "పూరీలో జగన్నాథస్వామి ప్రసాదానికి కులభేదమూ లేదు, ఎంగిలీ లేదు. అక్కణ్ణుంచి పుట్టిందీ పలుకుబడి" అని చెప్పి ముందుకు వెళ్ళిపోయేదాన్ని. ఆ మాట ఒకనాడు మా వంటింట్లోకే వచ్చి పీట వేసుకు కూర్చుంటుందని మాత్రం అనుకోలేదు.

మాది కోరుకొండ. ఊళ్ళో ఎక్కడ నిలబడ్డా నరసింహస్వామి కొండ కనిపిస్తుంది, వడ్లు కుప్ప పోసినట్టుగా. రోజూ రాజమండ్రికి బస్సులో వెళ్ళి పాఠాలు చెప్పుకుని, సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరతాను. చేరగానే వంట. అదీ ఒక వంట కాదు, రెండు. మా అత్తయ్యగారు డెబ్భై దాటిన మనిషి. మడీ ఆచారమూ ఉన్నవారు. ఉల్లీ వెల్లుల్లీ ముట్టరు, రాత్రిపూట అన్నం తినరు. ఆవిడకు విడిగా ఏదో ఫలహారం. మా వారికీ పిల్లలకీ ఉల్లిపాయ లేనిదే ముద్ద దిగదు, వాళ్ళకు వేరే కూరా, అన్నమూ. ఒక పొయ్యిమీద ఆవిడ గిన్నె, రెండో పొయ్యిమీద మా గిన్నె, మధ్యన రెండు గరిటెలు కలిసిపోకుండా కాపలా కాస్తూ నేను!

కిందటి సంక్రాంతి సెలవుల్లో అత్తయ్యగారు ఓ కోరిక కోరారు. "మోకాళ్ళు ఇంకా కాస్త మాట వింటున్నాయి. ఒక్కసారి జగన్నాథం చూపించరా" అన్నారు మా వారితో. మన గోదావరి వాళ్ళకు పూరీ దూరం కాదు. రాజమండ్రిలో రాత్రి రైలెక్కితే మర్నాటికి ఖుర్దారోడ్డు. అక్కణ్ణుంచి పూరీ 44 కిలోమీటర్లు. దూరమూ కాదు, కొత్తా కాదు. ఆ గుడి కట్టించడం మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగదేవుడు 12వ శతాబ్దపు రాజు. ఆయన పూర్వుల రాజధాని కళింగనగరం, ఈనాటి శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగమే. తరవాత 15వ శతాబ్దంలో గజపతులు రాజమహేంద్రవరం దాకా ఏలారు. వారిలో ప్రతాపరుద్ర గజపతి తరఫున ఇక్కడ అధికారం చేసిన రామానందరాయలవారిని 1510 ప్రాంతంలో పూరీనుంచి నడిచి వచ్చిన చైతన్య మహాప్రభువు గోదావరి ఒడ్డున కలుసుకున్నాడు. కొవ్వూరు రేవులో ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుంటారు. అంటే మనం పూరీకి వెళ్ళడం చుట్టాలింటికి వెళ్ళడమే!

రైల్లో అత్తయ్యగారు ఏమీ తినలేదు. ఇంటినుంచి తెచ్చుకున్న అటుకులూ, అరటిపళ్ళూ, మరచెంబులో నీళ్ళూ, అంతే. ఎదటి బెంచీవాళ్ళ పిల్ల చెయ్యి తగిలిందని ఆ అటుకుల పొట్లం కూడా సగంలో వదిలేశారు. ఇల్లాంటి మనిషి పూరీలో ఏం తింటారో అని నా బెంగ.

దర్శనం అయింది. జగన్నాథ, బలభద్ర, సుభద్రలను చూసి కళ్ళు తుడుచుకున్నారు. బయటికి వచ్చే దారిలో, గుడి ప్రాకారంలోనే ఈశాన్యమూలగా ఆనందబజారు అని ఉంది. మహాప్రసాదం అమ్మే చోటది. అరలు అరలుగా మట్టికుండలు, వాటి చుట్టూ బేరాలు, కేకలు, ఆవిర్లు. స్వామికి నివేదన చేసి, పిమ్మట విమలాదేవికి నివేదన చేస్తే గాని అది మహాప్రసాదం కాదట. అయిన తరవాత మాత్రం అది ఎవరు వడ్డించినా, ఎవరు ముట్టినా, ఎవరు తిన్నా ఒక్కటే.

మేము నేలమీద కూర్చున్నాం. అరటాకులో అన్నం, దానిమీద పప్పూ కూరముక్కలూ కలిసిన ఏదో పదార్థం. పక్కన ఎవరో పల్లెటూరి కుటుంబం. ఏ ఊరో, ఏ కులమో తెలియదు, భాష అసలే తెలియదు. వాళ్ళ ముసలావిడ మా అత్తయ్యగారి ఆకు వైపు చూసి, పప్పు తక్కువైందనుకుంది కాబోలు, తన కుండలోంచి చేత్తో తీసి చప్పున వేసేసింది. ఆ చేత్తోనే అప్పటిదాకా ఆవిడ అన్నం తింటోంది!

మా వారు ఊపిరి బిగపట్టారు. నేను లేచి నిలబడబోయాను. అత్తయ్యగారు ఆకు వైపు ఒక నిమిషం చూశారు. చూసి, ఆ పప్పు అన్నంలో కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకున్నారు. "అల్లా చూస్తారేమిటి? ఇక్కడ ఎంగిలి లేదు" అన్నారు మాతో.

ఆ పప్పు పేరు డాల్మా.

ఆ వంటశాల సంగతి కాస్త చెప్పాలి. రోసఘర అంటారు. గుడికి ఆగ్నేయమూల ఉంది. లోకంలోని పెద్ద దేవాలయ వంటశాలల్లో అదొకటి. ఇనప గిన్నె, ఇత్తడి గిన్నె మాట లేదు, అంతా మట్టికుండల్లోనే, కట్టెల పొయ్యిమీద. కుండమీద కుండ, దానిమీద కుండ నిలబెట్టి వండుతారు. ఒకరోజు వాడిన కుండ మర్నాడు వాడరు. పైకుండే ముందు ఉడుకుతుందని భక్తులు మురిసిపోతూ చెబుతారు. ఉల్లీ వెల్లుల్లీ లేవు సరికదా, బంగాళాదుంప, టమాటా, పచ్చిమిరపకాయ కూడా గుమ్మం తొక్కవు. ఈ మూడూ అమెరికా ఖండంలో పుట్టినవి, పోర్చుగీసువాళ్ళు సముద్రంమీద వచ్చిన తరవాతే మన దేశం చేరినవి. ఆ వంటశాల వాటిని ఇంకా కొత్త సరుకుగానే చూస్తుంది. అక్కడ కారానికి మిరియాలు, ఘాటుకి అల్లం.

అయితే పూరీ గురించి చెప్పేటప్పుడు తీపి ఒక్కటే చెప్పి ఊరుకోకూడదు. అన్నం దగ్గర భేదం లేని ఆ స్వామి గుమ్మం దగ్గర మాత్రం భేదం చాలాకాలం ఉండిపోయింది. హరిజనులను లోపలికి రానివ్వని రోజుల్లో, 1934లో, గాంధీగారు తమ హరిజన పాదయాత్ర పూరీనుంచే మొదలుపెట్టారు. గుళ్ళోకి మాత్రం వెళ్ళలేదు. 1938లో దగ్గరలోని దేలాంగులో సభలు జరుగుతుండగా కస్తూర్బా పూరీ వెళ్ళి, లోపలికి వెళ్ళి దర్శనం చేసుకు వచ్చారు. ఆ సంగతి తెలిసి గాంధీగారు ఎంతో బాధపడ్డారు. అందరికీ తెరవని గుమ్మంలోకి నా ఇంటివాళ్ళు ఎల్లా వెళ్ళారు అని. కస్తూర్బా తన పొరపాటు ఒప్పుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక చట్టం వచ్చి హిందువులందరికీ గుమ్మం తెరుచుకుంది. హిందువులు కానివారికి ఇప్పటికీ ప్రవేశం లేదు. ఒకే ప్రాకారంలో అన్నం ఒక మాట చెబుతుంటే గుమ్మం ఇంకో మాట చెప్పింది. మన ఇళ్ళు మాత్రం వేరా?

ఇంటికి వచ్చాం. అత్తయ్యగారు ఎండబెట్టిన మహాప్రసాదం, నిర్మాల్యం అంటారు, చిన్న గుడ్డసంచీలో తెచ్చి దేవుడి గూట్లో పెట్టుకున్నారు. ఓ సోమవారం సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి వంటింట్లో పీట వేసుకు కూర్చుని ఉన్నారు. "ఆ పూరీ పప్పు నువ్వు వండలేవుటే?" అన్నారు. "రాత్రి నాకు అన్నం వద్దు. అది ఓ గిన్నెడు పెడితే చాలు."

అప్పటినుంచి వారానికి రెండు రాత్రిళ్ళు మా ఇంట్లో డాల్మా. రెండు పొయ్యిల వంట ఒక పొయ్యిమీదకు వచ్చింది. ఉద్యోగాలు చేసుకునే సోదరీమణులకు పనికివస్తుందని కొలతలతో సహా చెబుతున్నాను. ఇది గుళ్ళో వంట కాదు సుమా, ఒరియావాళ్ళ ఇళ్ళల్లో చేసుకునే పద్ధతికి మన సరుకులు చేర్చింది.

నలుగురికి కందిపప్పు ఒక గ్లాసు, అంటే 200 గ్రాములు. వేయించిన పెసరపప్పయినా బాగుంటుంది. కూరలు: అరటికాయ ఒకటి, గుమ్మడిముక్క పావుకిలో, కంద 100 గ్రాములు, వంకాయలు రెండు, ములక్కాడ ఒకటి. కందకు బదులు చేమదుంపలు నాలుగు వేసుకోవచ్చు. ఇంట్లో ఏది ఉంటే అది. మిగిలిపోయిన ముక్కలన్నిటికీ డాల్మాలో చోటుంది. ముక్కలు మాత్రం పెద్దవిగా తరగాలి, అంగుళం ఉండాలి. కంద తరిగేటప్పుడు చేతికి నూనె రాసుకోండి, దురద ఉండదు. అరటికాయ ముక్కలు నల్లబడకుండా నీళ్ళల్లో వెయ్యండి.

పప్పు అరగంట నాననివ్వాలి. మా ఇంట్లో అయిదున్నరకల్లా అత్తయ్యగారు నానబోస్తారు. కుక్కరులో పప్పు, కంద, అరటికాయ, అరచెంచా పసుపు, మూడు గ్లాసుల నీళ్ళు, ఓ చుక్క నూనె వేసి రెండు కూతలు రానివ్వండి. ఆవిరి పోయాక మూత తీసి వంకాయ, ములక్కాడ, గుమ్మడి, దంచిన అల్లం, తగినంత ఉప్పు, గోలీకాయంత బెల్లం వేసి, మూత లేకుండా పది పన్నెండు నిమిషాలు సన్నమంటమీద ఉడకనివ్వండి. గుమ్మడి ముందే వేశారంటే కరిగి కనపడకుండా పోతుంది. గట్టిపడితే కాసిని వేడినీళ్ళు పొయ్యండి. పప్పు కలిసిపోవాలి, ముక్క కనిపించాలి. అదీ గుర్తు.

ఈలోగా రెండు చెంచాల జీలకర్ర, మూడు ఎండుమిరపకాయలు నూనె లేకుండా వేయించి పొడి కొట్టండి. ఈ పొడే డాల్మాకు ప్రాణం. మిరపకాయ గుళ్ళోకి రాదు గాని మా ఇంటికి రాకుండా ఎల్లా ఉంటుంది? ఆఖరున రెండు చెంచాల నెయ్యి కాచి, ఆవాలు, జీలకర్ర, సోపు, నల్లజీలకర్ర ఒక్కొక్కటి అరచెంచా, మెంతులు పావుచెంచా వేసి, చిటపటలాడగానే ఇంగువ తగిలించి పప్పులో తిరగబొయ్యండి. ఒరియావాళ్ళు ఈ అయిదు దినుసుల పోపును పంచఫుటన అంటారు. మెంతులు మాడితే చేదు, జాగ్రత్త. నల్లజీలకర్ర దొరక్కపోతే మానెయ్యండి, వంటేమీ ఆగదు. దింపేముందు వేయించిన పొడి ఒకటిన్నర చెంచా, సగం చిప్ప కొబ్బరి కోరు కలపండి. కోనసీమ పక్కన పెట్టుకుని కొబ్బరికి లోభించకండి.

మొదటిరోజు మా వారు ఒక ముద్ద తిని, "చింతపండు మరిచిపోయావు" అన్నారు. మరిచిపోలేదు. అందులో వెయ్యరు. ఇంత త్వరగా అయిపోవడానికీ అదే కారణం. మన పప్పుపులుసులో పప్పు విడిగా ఉడికించి, తరవాత పులుసు పోస్తాం. ముందే పోస్తే పులుపుకి పప్పూ ముక్కా బిగుసుకుపోయి ఎంతకీ మెత్తబడవు. పులుపు లేని డాల్మాలో పప్పూ ముక్కలూ ఒకే గిన్నెలో ఉడుకుతాయి. పప్పు నాని ఉంటే నలభై అయిదు నిమిషాల్లో వంట ముగిసింది. పులుపు లేకపోతే ముద్ద దిగని వాళ్ళకు జాడీలో ఆవకాయ ఉండనే ఉంది. మా వారు రెండోరోజునుంచి డాల్మాలో ఆవకాయ నంజుకుంటున్నారు. పూరీకీ కోరుకొండకూ అల్లా సంధి కుదిరింది.

ఇక్కడితో ఆపితే ఇది వంట వ్యాసం. కాని మా పెద్దపిల్ల ఆపనివ్వలేదు. ఇంటరు చదువుతోంది. ఓ రాత్రి భోజనాల దగ్గర అడిగింది: "మామ్మా, పూరీలో ఎంగిలి లేదన్నావు కదా. ఈ పప్పు ఆ పప్పే కదా. మరి వసారాలో ఆ గ్లాసేమిటి?"

పెరటివసారా గోడగూట్లో ఓ స్టీలుగ్లాసు ఉంటుంది. మా పనిమనిషిది. పదేళ్ళుగా పొద్దునా సాయంత్రం వచ్చి అంట్లు తోముతుంది. మా గిన్నెలన్నీ ఆమె చేతిమీదుగానే వస్తాయి, మేం తాగే గ్లాసులన్నీ ఆమె తోమినవే. ఆమె తాగే గ్లాసు మాత్రం వేరు. ఆమె కడుక్కుని ఆమే గూట్లో పెట్టుకుంటుంది. అది పెట్టింది అత్తయ్యగారే, నిజమే. కాని తరగతిలో కులభేదాలమీద పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పి, భావం రాయించి, మార్కులు వేసే నేను పదేళ్ళపాటు ఆ గూటి పక్కనుంచే నడిచాను. ఆ గ్లాసులోకి కాఫీ పోసింది నేనే.

అత్తయ్యగారు పిల్లకు జవాబు చెప్పలేదు. గిన్నె ఖాళీ చేసి లేచి వెళ్ళిపోయారు. పిల్ల హద్దు మీరిందని మా వారు కసిరారు.

నాలుగు రోజులు గడిచాయి. శుక్రవారం సాయంత్రం వాన. డాల్మా పొయ్యిమీద ఉంది. పనిమనిషి తడిసి వచ్చి అంట్లు తోముతోంది. అత్తయ్యగారు గోడ పట్టుకుని పెరటిగుమ్మం దాకా వెళ్ళారు.

"ఏమే, వానలో ఎక్కడికి పోతావు? పొయ్యిమీద జగన్నాథం పప్పు ఉంది. లోపలికొచ్చి కూర్చుని తిను" అన్నారు.

పనిమనిషి చెయ్యి ఆగిపోయింది. నావైపు చూసింది. తరవాత నెమ్మదిగా, "వద్దండి పెద్దమ్మగారూ. లోపల కూర్చుంటే నాకు ముద్ద దిగదండి. గిన్నెలో పెట్టి ఇవ్వండి, పిల్లలతో తింటాను" అంది.

అత్తయ్యగారి మొహం చిన్నబోయింది. నాకూ కష్టమే అనిపించింది. తరవాత ఆలోచిస్తే తోచింది: పదేళ్ళు గూట్లో గ్లాసు పెట్టి, ఒకనాడు లోపలికి రమ్మంటే, పిలిచిన క్షణానే పరిగెత్తి రావాలా? పిలవడం మన ఇష్టమైతే రావడం ఆమె ఇష్టం. ఆనందబజారులో ఆ ముసలావిడ మమ్మల్ని పిలిచి దయ చెయ్యలేదు. పక్కన కూర్చుంది, తన కుండలోది పెట్టింది. సర్వం జగన్నాథం అంటే అది.

ఆ రాత్రి పెద్ద గిన్నె నిండా డాల్మా పెట్టి ఇచ్చాను. మర్నాడు గిన్నె తోమి తెచ్చి ఇస్తూ, "బాగుందండి. చింతపండు మరిచిపోయారు" అంది! వంటింట్లోంచి మా వారి నవ్వు వినిపించింది.

ఆ రోజే నేను గూట్లో గ్లాసు తీసి లోపల గ్లాసుల్లో కలిపేశాను. అన్నీ ఒక్క సైజువే, ఒక్క కొట్టులో కొన్నవే. కలిపాక ఏది ఏదో నాకే తెలియలేదు. సాయంత్రం కాఫీ తాగేటప్పుడు అత్తయ్యగారు తన చేతిలో గ్లాసు తిప్పి తిప్పి చూశారు. చూసి తాగారు. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

ఇది జరిగి కొన్ని నెలలయింది. మా పనిమనిషి ఈ మధ్య డాల్మా రోజుల్లో లోపల కూర్చుని ఒక్కోసారి తింటుంది, ఒక్కోసారి గిన్నెలో పట్టుకుపోతుంది. కూర్చునే ముందు గుమ్మం దగ్గర ఇంకా ఒక క్షణం ఆగుతుంది. పదేళ్ళ అలవాటు ఆమెకూ పోవాలి, మాకూ పోవాలి. అత్తయ్యగారి మడి పూర్తిగా పోయిందని చెప్పను. మిగిలిన రోజుల్లో ఆవిడ గరిటె ఆవిడదే. కాని కిందటి వారం పనిమనిషి తన కూతురికి నిశ్చయమైందని చలిమిడి తెచ్చి పెడితే, అత్తయ్యగారు చెయ్యి చాపి తీసుకుని, అక్కడే తిన్నారు.

మొన్న తరగతిలో మళ్ళీ ఆ జాతీయం వచ్చింది. అర్థం బోర్డుమీద రాశాను. రాసి, ఎప్పటిలా ముందుకు వెళ్ళిపోలేదు. "మీ ఇంట్లో పనిచేసేవాళ్ళ గ్లాసు ఎక్కడ ఉంటుందో ఈ సాయంత్రం చూసి రండి" అని పిల్లలతో చెప్పాను.